వేలిముద్రల కాగితాలు మోసే పెన్‌డ్రైవ్‌కు తాళం కావాలి

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో దస్తావేజులు రాసే షాపు మాది. నాన్న స్టాంపు పేపర్ల మీద చేత్తో రాసిన రోజుల నుంచి ఉంది. ఇప్పుడు నేను కంప్యూటర్ మీద నడుపుతున్నాను. వేలిముద్రలు దొంగిలించి ఆధార్ ద్వారా ఖాతాల్లో డబ్బు లాగేశారన్న వార్త వచ్చినప్పుడల్లా జనం బ్యాంకు మిత్రను అనుమానిస్తారు, ఫోన్‌ను అనుమానిస్తారు. ఆ ముద్రలు కాగితం మీద పడేది మాలాంటి వాళ్ల బల్లల మీద. స్కాన్ అయి ఫైలుగా మారేది మా కంప్యూటర్లలో. అక్కడి నుంచి ఊరంతా తిరిగేది చిన్న పెన్‌డ్రైవ్. దానికి తాళం ఉండదు. ఈ సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక ఇంటి స్థలం అమ్మకం తీసుకోండి. అమ్మేవాళ్ల ఆధార్, పాన్, కొనేవాళ్ల ఆధార్, పాన్, సాక్షుల ఆధార్, ఫొటోలు, ముప్ఫై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు (ఆ స్థలం పాత దస్తావేజులు), ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ. వీటికి తోడు ఫొటోలు, వేలిముద్రలు ఉండే 32ఎ ఫారం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఈ 32ఎ సెక్షన్‌ను 2001 సవరణలో చేర్చారు. ఒకరి బదులు ఇంకొకరు వచ్చి సంతకం పెట్టి పోయే మోసాలు ఆగాలంటే ముద్ర ఉండాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. అసలు వేలిముద్రకూ ఒప్పంద పత్రానికీ మన దేశంలో పాత సంబంధం ఉంది. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి ఒక కాంట్రాక్టు కాగితం మీద సంతకంతో పాటు అరచేతి ముద్ర వేయించుకున్నాడు. అప్పుడు ఆ కాగితం బీరువాలో ఉండేది. ఇప్పుడు అదే కాగితం రంగుల్లో స్కాన్ అయి, గీతలతో సహా, ఎన్ని కాపీలు కావాలంటే అన్ని తీసుకునే ఫైలుగా తిరుగుతోంది.

రిజిస్ట్రేషన్ అయిపోగానే "అమ్మాయ్, సాఫ్ట్ కాపీ ఇందులో వేసియ్యి, అమెరికాలో మావాడికి పంపాలి" అని ఒక పెన్‌డ్రైవ్ ఇస్తారు. అది మా దగ్గర నుంచి జిరాక్స్ షాపుకు వెళ్తుంది. బ్యాంకు లోను పెడితే లీగల్ ఒపీనియన్ కోసం లాయరు గారి గుమాస్తా చేతికి వెళ్తుంది. మనవడు అదే పెన్‌డ్రైవ్‌లో పాటలు వేసుకుని కారులో పెడతాడు. మా వృత్తిలో ఉన్నవాళ్ల పెన్‌డ్రైవ్‌లైతే ఇంకా ప్రమాదం. ఒక్కొక్కదాంట్లో ఏళ్ల తరబడి పార్టీల, అంటే అమ్మేవాళ్ల, కొనేవాళ్ల కాగితాలుంటాయి. చొక్కా జేబులో వేసుకుని, బండి తాళాల గుత్తికి తగిలించుకుని తిరుగుతారు.

జరగదనుకోవడానికి లేదు, జరిగింది. 2018లో తెలంగాణలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఉన్న దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసుకుని, పాలిమర్‌తో నకళ్లు చేసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. 2022లో మన ఆంధ్రప్రదేశ్ దస్తావేజుల నుంచి ఇలాగే ముద్రలు తయారుచేసి ఖాతాల్లో డబ్బు తీసిన ముఠాను సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. ఆ రెండుసార్లూ దొంగలకు ముడిసరుకు దొరికింది దస్తావేజుల వెబ్‌సైట్లలో. అదే ముడిసరుకు తాళం లేని పెన్‌డ్రైవ్‌లోనూ ఉంది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, ఏటీఎం కార్డు పోతే కొత్తది ఇస్తారు. ఎడమ బొటనవేలు పోయిందని బ్యాంకుకు చెప్పి కొత్త వేలు తెచ్చుకోలేం కదా.

పెన్‌డ్రైవ్ పోవడం ఎవరికైనా జరిగేదే. పోయాక ఏమవుతుందన్నదే ముఖ్యం. 2017లో లండన్ హీత్రూ విమానాశ్రయం భద్రతా వివరాలున్న పెన్‌డ్రైవ్ ఒకటి వీధిలో దొరికింది. రెండున్నర జీబీ సమాచారం, ఏ తాళమూ లేదు, దొరికినతను కంప్యూటర్లో పెడితే అన్నీ తెరుచుకున్నాయి. మరుసటి ఏడాది అక్కడి సమాచార కమిషనర్ కార్యాలయం ఆ సంస్థకు లక్షా ఇరవై వేల పౌండ్ల జరిమానా వేసింది. 2022లో జపాన్‌లోని అమగసాకి నగరంలో ఒక కాంట్రాక్టు ఉద్యోగి ఊళ్లో అందరి పేర్లు, అడ్రసులు, పుట్టిన తేదీలు ఉన్న పెన్‌డ్రైవ్‌ను రాత్రి ఎక్కడో పోగొట్టుకున్నాడు. నాలుగు లక్షల అరవై వేల మంది వివరాలు. అయితే అది ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం తీయకుండా ఎవరూ చదవలేని గుర్తుల్లోకి మార్చి, పాస్‌వర్డ్ పెట్టిన డ్రైవ్. తర్వాత దొరికింది కూడా. పోయిన వస్తువు ఒకటే, ఊరికి పట్టిన టెన్షన్‌లో ఎంత తేడా ఉందో చూడండి.

నేను ఇప్పుడు వేలిముద్రతో తెరుచుకునే ఎన్‌క్రిప్టెడ్ డ్రైవ్ వాడుతున్నాను. మామూలు పెన్‌డ్రైవ్ అంతే ఉంటుంది, మీద వేలు ఆనించే చిన్న గడి ఉంటుంది. మామూలు దానికన్నా ధర మూడు నాలుగింతలు. కొని తెచ్చి వేలు పెడితే చాలనుకుంటారు గానీ మొదటి రోజు ఓపిగ్గా సెటప్ చేసుకోకపోతే ఆ డబ్బంతా దండగ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

చాలా మోడళ్లలో లోపలి జాగా రెండు భాగాలుగా ఉంటుంది. ఒకటి ఎవరు పెట్టినా కనిపించే భాగం. రెండోది వేలు పెడితేనే కనిపించే భాగం. ఇంటికి వరండా, లోపలి గది ఉన్నట్టు. కొత్త డ్రైవ్ పెట్టగానే కనిపించేది వరండానే. సెటప్ ప్రోగ్రాం అందులోనే ఉంటుంది. మనవాళ్లు ఫైళ్లన్నీ అక్కడే పడేసి, వేలిముద్ర డ్రైవ్ కదా, భద్రంగా ఉన్నాయని నిశ్చింతగా ఉంటారు. అక్కడ పెట్టినవి మామూలు పెన్‌డ్రైవ్‌లో పెట్టినట్టే, ఎవరైనా చూడొచ్చు. అందుకని సెటప్‌లోనే ఆ బహిరంగ భాగాన్ని ప్రోగ్రాం ఒప్పుకున్నంత చిన్నదిగా చేసి, మిగిలిందంతా తాళం భాగానికి ఇచ్చేయాలి. ఇలా భాగాలు మార్చినప్పుడు లోపలున్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఫైళ్లు వేయకముందే ఈ పని చేసుకోవాలి. కొన్నిటికి మొదటి సెటప్ విండోస్ కంప్యూటర్లోనే కుదురుతుంది. ఆ తర్వాత వేరే కంప్యూటర్లలో వేలు పెడితే తెరుచుకుంటాయి.

తర్వాత అడ్మిన్ పాస్‌వర్డ్. పుట్టిన తేదీ, షాపు ఫోన్ నంబరు పెట్టొద్దు. వేలు పనిచేయని రోజున లోపలికి పోయే దారి అదొక్కటే కాబట్టి పొడుగ్గా, మనకు మాత్రమే తట్టే నాలుగైదు మాటలు కలిపి పెట్టుకోవాలి. దాన్ని కాగితం మీద రాసి ఇంట్లో అసలు దస్తావేజులు పెట్టే చోట పెట్టాలి. డ్రైవ్‌తో పాటు అదే పర్సులో పెట్టకూడదు.

అప్పుడు వేళ్లు. ప్రతి వేలినీ కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ చాలాసార్లు ఆనించమంటుంది. తొందరపడి ఒకే చోట అదిమితే రేపు తెరవడానికి పేచీ పెడుతుంది. ఎన్ని వేళ్లు పెట్టుకోవచ్చన్నది మోడల్‌ను బట్టి. లెక్సర్ ఎఫ్35లో పది దాకా, శాంసంగ్ టీ7 టచ్ అనే ఎస్ఎస్‌డీలో (పెన్‌డ్రైవ్ లాంటిదే, కాస్త పెద్దది) నాలుగు. నేను గట్టిగా చెప్పేది ఏమిటంటే, ఎడమ బొటనవేలు మాత్రం పెట్టకండి. రిజిస్ట్రేషన్ కాగితాల మీద మామూలుగా పడేది ఆ ముద్రే. మనకు సొంత స్థలమో ఇల్లో ఉంటే ఆ దస్తావేజు మీద మన ఎడమ బొటనవేలు ఇప్పటికే ఉంది. దాని స్కాన్ ఎన్ని కంప్యూటర్లలో ఉందో మనకు తెలియదు. నకలు చేయగలిగినవాడికి మన తాళం చెవి మనమే ఇచ్చినట్టు. కుడిచేతి ఉంగరపు వేలు, మధ్యవేలు, ఎడమ చేతి చూపుడువేలు, ఇలా కాగితాల మీద ఎప్పుడూ పడని వేళ్లు ఎంచుకోవాలి. వేలు, పాస్‌వర్డ్ రెండూ కలిపి అడిగేలా పెట్టుకునే వీలు ఉంటే అదే పెట్టుకోండి. తెరవడానికి పట్టే ఆ కొద్ది సెకన్ల గురించి చూసుకోవద్దు.

ముద్రలు పడని వేళ్ల గురించి కూడా చెప్పాలి. మా పక్కన దుగ్గిరాల పసుపు యార్డు ఉంది. పసుపు పనికి వెళ్లే ఆడవాళ్లు, గిన్నెలు తోమీ బట్టలు ఉతికీ గీతలు అరిగిపోయినవాళ్లు రేషన్ షాపులో ఈపాస్ మిషన్ ముందు ఎంత అవస్థ పడతారో అందరికీ తెలుసు. డ్రైవ్ మీద ఉండే సెన్సర్ కూడా అలాంటిదే. తడి వేలు, నూనె వేలు, స్టాంప్ ప్యాడ్ సిరా అంటిన వేలు ఒప్పుకోదు. మా షాపులో పొద్దస్తమానం సిరాతోనే పని కాబట్టి సబ్బుతో కడిగి, తుడుచుకుని పెడతాం. నా దగ్గర పనిచేసే అక్కకు బొటనవేళ్లు రెండూ పడవు, చిటికెన వేలు చక్కగా పడుతుంది. ఆమెకు అదే పెట్టాం. చలికాలంలో చేతులు పగిలినప్పుడు అదీ మొరాయిస్తుంది, అప్పుడు పాస్‌వర్డే దిక్కు.

కొనేటప్పుడు అట్ట మీద వేలిముద్ర బొమ్మ చూసి మోసపోవద్దు. వేలు అడగడం వేరు, లోపలి ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ కావడం వేరు. ఎన్‌క్రిప్షన్ లేకపోతే డ్రైవ్ విప్పి చిప్ తీసి చదివినవాడికి అన్నీ దొరుకుతాయి. 256 బిట్ ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ డ్రైవ్‌లోనే జరుగుతుందని స్పష్టంగా రాసి ఉండాలి. ఏఈఎస్ అంటే ఇద్దరు బెల్జియం శాస్త్రవేత్తలు తయారుచేసిన పద్ధతి. 2001లో అమెరికా ప్రమాణాల సంస్థ ఆమోదించింది, బ్యాంకులూ అదే వాడతాయి. అలాగే ముద్ర సరిచూడటం డ్రైవ్‌లోని చిప్పే చేయాలి గానీ కంప్యూటర్లో నడిచే సాఫ్ట్‌వేర్‌కు వదిలేయకూడదు. ఎందుకంటే, కనుపాపతో తెరుచుకుంటుంది, ఎవరూ ఛేదించలేరని ఐడిస్క్ అనే డ్రైవ్ గురించి ఊదరగొట్టారు. 2019లో బ్రిటన్ పరిశోధకులు పరీక్షిస్తే దాని పాస్‌వర్డ్ కంప్యూటర్‌కూ డ్రైవ్‌కూ మధ్య మామూలు అక్షరాల్లో, చదువుకునేలా ప్రయాణిస్తోందని తేలింది. 2022లో జర్మనీ పరిశోధకుడొకరు కీప్యాడ్ ఉన్న డ్రైవ్‌లలో, వేలిముద్ర ఉన్నవాటిలో కూడా లోపాలు బయటపెట్టారు. కాబట్టి ఊరూపేరూ లేని కంపెనీ సరుకు చవగ్గా వస్తోందని తీసుకోకండి. పేరున్నదైనా దాని ఫర్మ్‌వేర్‌కు, అంటే డ్రైవ్ లోపల నడిచే ప్రోగ్రాంకు, అప్‌డేట్ ఉందేమో కంపెనీ సైట్‌లో చూసుకోండి.

ఎంత మంచి తాళమైనా, తెరిచి ఉన్నంతసేపు డ్రైవ్ మామూలు పెన్‌డ్రైవే. వైరస్ ఉన్న నెట్ సెంటర్ కంప్యూటర్లో పెట్టి వేలు ఆనించామంటే లోపలున్నవన్నీ ఆ వైరస్ ముందు పరిచినట్టే. అందుకని ఆ డ్రైవ్ మా షాపు కంప్యూటర్లో తప్ప ఎక్కడా తెరవం. బయట ప్రింటు కావాలంటే ఆ ఒక్క ఫైలు వేరే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లి, పని కాగానే చెరిపేస్తాం. సొంత కంప్యూటర్లో కూడా ఫైలును డెస్క్‌టాప్ మీదకు లాగి సరిచేసే అలవాటు మానుకోవాలి. డ్రైవ్ తీసుకెళ్లినా ఆ కాపీ అక్కడే ఉండిపోతుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్, వాట్సాప్ వెబ్ ఫోల్డర్ రోజూ సాయంత్రం ఖాళీ చేయాలి. అసలు మా షాపుల్లో సగం ఆధార్ కాపీలు ఉండేది అక్కడే.

ఇక రెండో కాపీ సంగతి. ఎన్‌క్రిప్టెడ్ డ్రైవ్ పాడైనా, పాస్‌వర్డ్ మర్చిపోయినా రికవరీ షాపు వాళ్లు ఏమీ చేయలేరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండే స్టీఫన్ థామస్ అనే ప్రోగ్రామర్ కథ 2021లో ప్రపంచమంతా చదివింది. ఏడు వేల పైచిలుకు బిట్‌కాయిన్ల (కంప్యూటర్లలోనే ఉండే డబ్బు) తాళం ఐరన్‌కీ అనే ఎన్‌క్రిప్టెడ్ డ్రైవ్‌లో పెట్టి, పాస్‌వర్డ్ రాసుకున్న కాగితం పోగొట్టుకున్నాడు. పదిసార్లు తప్పు కొడితే ఆ డ్రైవ్ శాశ్వతంగా మూసుకుపోతుంది. అప్పటికే ఎనిమిది అయిపోయాయి. మన దగ్గర బిట్‌కాయిన్లు లేకపోవచ్చు. ఒక పార్టీ అన్నదమ్ముల పంపకాల దస్తావేజు డ్రాఫ్టు రిజిస్ట్రేషన్ ముందురోజు తెరుచుకోకపోతే వాళ్లకు ముహూర్తం పోతుంది, ఒక్కోసారి కుదిరిన రాజీ కూడా పోతుంది. కాబట్టి అలాంటిదే ఇంకో డ్రైవ్ కొని వారం వారం కాపీ తీసి ఇంట్లో పెట్టాలి. ఇంకొక నమ్మకస్తుల వేలు కూడా అందులో ఉండాలి. షాపు యజమాని ఆసుపత్రిలో పడితే పార్టీల పనులు ఆగకూడదు. మా నాన్న వేలు కూడా నా డ్రైవ్‌లో ఉంది. ఆ వయసులో ఆయనకు కంప్యూటర్ రాకపోయినా, వేలు పెట్టడానికి కంప్యూటర్ రానక్కర్లేదు.

పని మానేసి వెళ్లిపోయిన వాళ్ల వేళ్లు ఆ రోజే తీసేయాలి. మనస్పర్థలు వచ్చాక తీద్దాంలే అనుకోవద్దు.

పాత పెన్‌డ్రైవ్‌లు ఏం చేయాలో కూడా చెప్పాలి. డిలీట్ కొట్టినా, క్విక్ ఫార్మాట్ చేసినా పాత ఫైళ్లు వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఏళ్లుగా దస్తావేజులు మోసిన పెన్‌డ్రైవ్‌ను పిల్లలకు ప్రాజెక్టు పనికి ఇవ్వకండి, పాత సామాన్లవాడికీ వేయకండి. సుత్తితో లోపలి చిప్‌ను పగలగొట్టండి.

కొత్త డ్రైవ్ కొనే స్థోమత లేనివాళ్లకూ దారి ఉంది. విండోస్ ప్రో ఉన్న కంప్యూటర్లో అయితే, మన దగ్గరున్న మామూలు పెన్‌డ్రైవ్‌కే విండోస్‌తో వచ్చే బిట్‌లాకర్‌తో తాళం వేసుకోవచ్చు. అలా వేసినదాన్ని విండోస్ హోమ్‌లో కూడా పాస్‌వర్డ్‌తో తెరవచ్చు. వెరాక్రిప్ట్ అనే ఉచిత ప్రోగ్రాం విండోస్ హోమ్‌లో కూడా పనిచేస్తుంది. వీటికి వేలు ఉండదు, పాస్‌వర్డ్ ఉంటుంది. ఫైళ్ల భద్రతలో వేలిముద్ర డ్రైవ్‌కు ఇవేమీ తీసిపోవు. వేలు వల్ల ప్రయోజనం ఏమిటంటే, రద్దీ రోజున పాస్‌వర్డ్ కొట్టే ఓపిక లేక తాళమే మానేసే పరిస్థితి రాదు. మా పనిలో మంచి ముహూర్తాల రోజున ఉండే తాకిడి చూసినవాళ్లకు ఈ మాట అర్థమవుతుంది.

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. సమాచారాన్ని కాపాడటానికి తగిన జాగ్రత్త తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చని అందులో ఉంది. పెద్ద కంపెనీల కోసం రాసిన అంకె అది, నిజమే. అయినా, నమ్మి ఆధార్ మా చేతిలో పెట్టిన ముసలామెకు జవాబు చెప్పుకోవాల్సింది మేమే. చట్టం భయంతో కాకపోయినా ఆమె కోసమైనా ఈ పని చేయాలి.

రిజిస్ట్రేషన్ శాఖకు నా విన్నపం ఇది. దస్తావేజు లేఖరులకు జిల్లాకు ఒకచోట ఒక పూట ఈ విషయం మీద శిక్షణ పెట్టండి. పార్టీలకు ఇచ్చే స్కాన్ కాపీల్లో వేలిముద్రల పేజీని మసకచేసి ఇవ్వండి. బ్యాంకు వాళ్లకు లోను ఇవ్వడానికి గీతలు కనబడాల్సిన పని లేదు.

పార్టీలకు కూడా ఒక మాట. మన వేలిముద్ర ఆధార్‌లో పనిచేయకుండా ఆపే బయోమెట్రిక్ లాక్ సౌకర్యం ఉంది, ఆధార్ సంస్థ యాప్‌లో పెట్టుకోవచ్చు. లాక్ చేసి ఉంచుకుని, రిజిస్ట్రేషన్ రోజున అవసరమైతే తాత్కాలికంగా తీసి మళ్లీ వేసుకోండి. జిరాక్స్ ఎక్కడైనా ఇవ్వాల్సి వస్తే, పూర్తి నంబరు అవసరం లేని చోట చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మీ పని అయ్యాక మీ కాగితాలు షాపు కంప్యూటర్లోంచి తీసేయమని అడగండి. అడిగితే మేమేమీ అనుకోం.

తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర వైపు దస్తావేజు లేఖరులు, డీటీపీ షాపుల వాళ్లు ఎవరైనా వేలిముద్ర డ్రైవ్ కొనుక్కుంటే నా దగ్గరకు తీసుకురండి, దగ్గరుండి సెటప్ చేసి చూపిస్తాను. డబ్బులేమీ అక్కర్లేదు. ఆదివారం పొద్దున అయితే రద్దీ ఉండదు. డ్రైవ్‌లో ఫైళ్లేమీ వేయకుండా తీసుకురండి, మీ తర్వాత షాపు చూసుకునేవాళ్లను కూడా వెంటబెట్టుకుని రండి, వాళ్ల వేలూ అదే పూట ఎక్కించుకోవచ్చు.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
తెనాలి.